పెంచలక్క ఒళ్లో పడ్డ తువ్వాలు

మీరు మా పెంచలక్కని ఒక్కసారి కలవాలండీ. కలిసి తీరాలి. బిట్రగుంట స్టేషన్లో దిగి రైల్వే కాలనీ వైపు నడవండి. పాత ఇన్‌స్టిట్యూట్, అంటే రైల్వే వాళ్ల క్లబ్బు, ప్రహరీ పక్కన రేకుల పంచ ఒకటి ఉంటుంది. దాని కింద బొగ్గుల ఇస్త్రీ పెట్టె పట్టుకుని బక్కగా, పొడుగ్గా ఒకావిడ నిలబడి ఉంటుంది. ఎదురుగా గోడకి మేకు, మేకుకి సంచీ, సంచీలోంచి బయటికి చూస్తూ ఒక ఫోను. ఆ ఫోనులో టెన్నిస్ మ్యాచ్ నడుస్తూ ఉంటుంది. ఆవిడ చొక్కా కాలర్ మీద ఇస్త్రీ పెట్టె తిప్పుతూనే, "అబ్బ, అంత తొందరెందుకమ్మా, ఇంకో బంతి ఆడి నెట్టు కాడికి పోవాల్సింది గదా" అని ఎవరో విదేశీ అమ్మాయికి సలహా ఇస్తూ ఉంటుంది. ఆవిడే పెంచలక్క.

నేను పుట్టకముందు నుంచీ మా ఇంటి బట్టలు ఆవిడే ఉతుకుతోంది. మా నాన్న గూడ్స్ బండి గార్డు. నాన్న తెల్ల యూనిఫాం మెడ మీద బొగ్గు మసి ఎలా పోగొడుతుందో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడకి టెన్నిస్ ఎలా అంటుకుందో చెప్పాలి. ఇన్‌స్టిట్యూట్ వెనక ఒకప్పుడు సిమెంటు కోర్టు ఉండేది. ఇప్పుడు అక్కడ బైకులు పెడుతున్నారు. అప్పట్లో సాయంత్రమైతే ఆఫీసర్లు తెల్ల నిక్కర్లు వేసుకుని ఆడేవాళ్లు. ఆ నిక్కర్లు ఉతికేది పెంచలక్క వాళ్లమ్మ కామాక్షమ్మ. కోర్టు కంచె పక్కనే ఆరేసేది. బంతి కంచె దాటి వచ్చి తడి దుప్పటికి తగిలి కింద పడితే, ఏడేళ్ల పెంచలమ్మ ఏరి తిరిగి విసిరేది. మాల్యాద్రి గారని ఒక ఫోర్‌మన్ ఉండేవాడట, ఆయనే ఈ పిల్లకి లెక్క నేర్పాడు. పదిహేను, ముప్పై, నలభై. బడికి పోయి ఎక్కాలు నేర్చుకోకముందే పెంచలక్కకి నలభై నలభై దగ్గర వచ్చే డ్యూస్ అంటే ఏంటో తెలుసు.

కానీ ఆవిడ ఆట చూసే పద్ధతి వేరు. ఎవరు గెలిచారన్నది చివర్లో చూస్తుంది. ముందు తువ్వాలు చూస్తుంది.

"పాపా, మనిషెట్టాంటోడో తెలియాలంటే మాసిన గుడ్డ ఎట్టా ఇస్తాడో చూడాల" అంటుంది నాతో. "కొందరు బంతులందించే పిల్లకాయల మొహాన ఇసిరికొట్టేవోళ్లు. ఈ మధ్య నయం, ఎవురి తువ్వాలు వాళ్లే పెట్టెలో పెట్టుకుంటుండారు. ఆట అయినాక జనం దగ్గరికి ఎట్టా వస్తారో అది కూడా చూడాల. గెలిచినోళ్లు అందురూ వస్తారు. ఓడినాక వచ్చేవోళ్లే మనుషులు."

ఆ లెక్కలో ఆవిడ మొత్తం ప్రపంచంలో మంచి మనుషులుగా తేల్చింది నలుగురినో అయిదుగురినో. అందులో మొదటి పేరు ఇవోనా ద్రాగాన్. పెద్ద ర్యాంకు కాదు. వయసు ముప్పై దాటింది. భుజానికి ఎప్పుడూ పట్టీ ఉంటుంది. కానీ ఓడినా గెలిచినా కంచె వెంబడి చివరి పిల్ల దాకా నడిచి సంతకాలు పెట్టి వెళ్తుంది. నాకూ ఆవిడంటే పిచ్చి. నేనూ పెంచలక్కా కలిసి చూసిన మ్యాచ్‌లన్నీ దాదాపు ఇవోనావే.

పోయిన ఏడాది ఆ ఇవోనా చెన్నై టోర్నమెంటుకి వచ్చింది!

నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. శుక్రవారం క్వార్టర్ ఫైనల్స్‌కి రెండు టికెట్లు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి పెంచలక్కకి. రాత్రికి పెరంబూరులో మా ఫ్లోరా పిన్ని ఇంట్లో ఉండి, శనివారం తిరుగు బండి ఎక్కాలని లెక్క. పెంచలక్క ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తన దగ్గరున్న బట్టలన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేదాకా ఊరు కదలనంది. గురువారం పొద్దుపోయేలోపు చివరి మూట ఇచ్చేసి, పంచ ఊడ్చి, అప్పుడు సంచీ సర్దుకుంది.

ఇక్కడ ఆవిడ సంగతి ఇంకొకటి చెప్పకపోతే మీకు తర్వాత జరిగింది అర్థం కాదు. నలభై ఏళ్లలో పెంచలక్క దగ్గర ఒక్క గుడ్డ మిగల్లేదు. ఒక్క చేతిరుమాలు కూడా. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది, మూలన ఎర్ర దారంతో చిన్న కుట్లు. మాది రెండు నిలువు, ఒక అడ్డం. వాళ్లమ్మ తుపాను నీళ్లలో ముందు ఊరి వాళ్ల మూటలు నెత్తిన పెట్టుకుని వంతెన మీదికి చేర్చి, తర్వాతే తన ట్రంకు పెట్టె కోసం వెనక్కి వెళ్లిందట. అప్పటికి పెట్టె కొట్టుకుపోయింది. పెంచలక్క కూడా తక్కువేం కాదు. ఒకసారి గార్డు ఒకాయన గూడూరుకి బదిలీ అయిపోయాడు, చొక్కా ఒకటి ఇక్కడే ఉండిపోయింది. బండెక్కి గూడూరు పోయి, ఇల్లు వెతుక్కుని ఇచ్చొచ్చింది. ఎవరితోనన్నా పంపొచ్చుగా అంటే, "ఏ చెయ్యి తీసుకునిందో ఆ చెయ్యే ఇయ్యాల" అంటుంది. అంతే. ఇక మాట్లాడదు.

సరే, శుక్రవారం. స్టేడియంలో నాలుగో వరస. పెంచలక్క బుర్రమీసాల సెక్యూరిటీ ఆయనకి కూడా నమస్కారం పెట్టి కూర్చుంది. ఫోనులో అరచేతి వెడల్పున చూసిన కోర్టు అంత పెద్దగా, అంత నీలంగా కళ్ల ముందు ఉంటే ఆవిడ ముందు కుర్చీ అంచు పట్టుకుని వంగి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "పాపా, ఆ చప్పుడు నిజంగానే అంత పెద్దగా ఉంటాదా?" బంతి తగిలిన చప్పుడు. ఫోనులో అది టిక్కుమంటుంది. ఇక్కడ గుండెల మీద తగులుతోంది.

ఇవోనా మూడు సెట్లు ఆడి గెలిచింది. నేను గొంతు పోయేలా అరిచాను. అలవాటు ప్రకారం ఆవిడ కంచె దగ్గరికి వచ్చింది, పెద్ద పసుపు బంతుల మీద, టోపీల మీద, ఒక పిల్లాడి చేతి కట్టు మీద కూడా సంతకాలు పెట్టింది. ఆఖర్న మెళ్లో ఉన్న తువ్వాలు తీసి, రెండుసార్లు గాల్లో తిప్పి మా వైపు విసిరింది.

నేను ఎగిరాను. నా ముందున్న ఇద్దరూ ఎగిరారు. అది మా అందరి చేతులూ దాటి వెళ్లి, కూర్చునే ఉన్న పెంచలక్క ఒళ్లో పడింది.

చుట్టూ ఒకటే గోల. "ఆంటీ లక్కీ! ఆంటీ ఒక్క ఫోటో!" అంటున్నారు. పెంచలక్క ఎవరినీ చూడటం లేదు. తువ్వాలు విప్పి, అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"మంచి నూలు. వేన్నీళ్లు తగలకూడదు దీనికి" అంది. "ఉప్పు చూడు ఎంత ఉండాదో. మన ఇందుకూరుపేట దిక్కు రొయ్యల గుంటల్లో దిగి వచ్చినోళ్ల చొక్కాల మాదిరి."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆవిడ నవ్వడం లేదు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంతమందిలో నన్నెట్టా కనిపెట్టింది పాపా ఆ బిడ్డ?"

"ఏం కనిపెట్టింది అక్కా?"

"నేను ఉతికేదాన్నని." తన చేతులు తిప్పి చూసుకుంది. ముంజేతుల మీద వరసగా ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చలు. "ఈ చేతులు చూసుంటాది. ఆ దూరం నుంచి! ఏం కళ్లు గదా."

నాకు అప్పుడు అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ ఆవిడ వైపు ఎవరు మాసిన గుడ్డ విసిరినా దానికి ఒకటే అర్థం. ఉతికి తెచ్చివ్వమని.

"అక్కా, అట్టా కాదు. అది నీకు ఇచ్చేసింది. గుర్తుగా ఉంచుకోమని. గెలిచినాక ఆటగాళ్లందరూ ఇట్టా విసురుతారు."

"ఏందే నువ్వు చెప్పేది? మాసిన గుడ్డ గుర్తుగా ఇస్తారా ఎవురన్నా? నీ చెమట చున్నీ నాకిచ్చి ఉంచుకో అక్కా అంటావా నువ్వు?"

నేను నా చున్నీ వైపు చూసుకున్నాను. దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

"రేపు ఆ పాప ఆడతాది గదా. రేపిచ్చేద్దాం" అని తువ్వాలు నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. నాకు రేపటి టికెట్లు లేవని, ఉన్నవన్నీ అమ్ముడైపోయాయని చెప్పాను. "టికెట్టు ఆట చూసేదానికి గదా. గుడ్డ ఇచ్చేదానికి టికెట్టెందుకు?" అంది.

పెరంబూరు చేరగానే మేడ మీది పంపు కింద తువ్వాలు ఉతికేసింది. ఫ్లోరా పిన్ని వాషింగ్ మెషీన్ చూపిస్తే దానివైపు జాలిగా చూసింది. శనివారం పొద్దునకల్లా ఆరింది కానీ ఇస్త్రీ దగ్గర పేచీ వచ్చింది. పిన్ని కరెంటు ఇస్త్రీ పెట్టె తెచ్చిస్తే, "ఇది అట్టట్టా తడుముతాది గానీ మడత నిలబడదు" అని వీధి చివర బొగ్గుల పెట్టెతో ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లింది. ఆ పెద్దాయన తన పెట్టె ఎవరికీ ఇవ్వడట. పెంచలక్క రైల్వే కాలనీలో నేర్చుకున్న అరవంలో ఏదో చెప్పి, ముంజేతులు చూపించింది. ఆయన తన ముంజేతులు చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కకి జరిగి పెట్టె ఇచ్చాడు. తువ్వాలు ఇస్త్రీ చేసే తీరు చూసి, "ఎవరి ఇంటిది?" అని అడిగాడు. ఆవిడ, "కొత్త ఇల్లు" అంది. అప్పుడే మూలన ఎర్ర దారంతో గుర్తు కుట్టింది. మూడు నిలువు కుట్లు, కింద ఒక చుక్క. అంతవరకూ ఏ ఇంటికీ ఇవ్వని గుర్తు.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆటగాళ్లు బయటికి వచ్చే గేటు దగ్గర నిలబడ్డాం. మాలాంటివాళ్లు ఓ యాభై మంది. తువ్వాలు పలచటి తెల్ల కాగితంలో చుట్టి, పెంచలక్క రెండు చేతుల మీదా పట్టుకుంది. సంచీలో పెడితే మడత నలుగుతుందట.

నేను ఎన్నేళ్లుగానో టీవీలో చూసింది వేరు, ఆ గేటు దగ్గర చూసింది వేరండీ. డబుల్స్ ఆడే ఒకమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరూ లేనట్టు నడిచి వెళ్లిపోయింది. వెనకే ఆమె జోడీ వచ్చి, ఒక్కొక్కరి పేరూ అడిగి, ఆ పేరు స్పెల్లింగ్ కూడా కనుక్కుని రాసిచ్చింది. ఇంకొకామె చేతికి ఐసు గడ్డలు కట్టుకుని, "రాయలేను, క్షమించండి" అని ఆగి మరీ చెప్పి, అందరికీ చెయ్యి ఊపింది. ఆ రెండు ముక్కలకే జనం పొంగిపోయారు. మనకి కావల్సింది సంతకం కాదేమో అనిపించింది నాకు. మనల్ని చూశారని తెలిస్తే చాలేమో.

లోపల నుంచి చప్పట్లు వినిపించాయి. ఫోను చూశాను. ఇవోనా ఓడిపోయింది. రెండు సెట్లలోనే.

"ఓడిందా?" అంది పెంచలక్క నా మొహం చూసి. "అట్టయితే ఇంకా ఇయ్యాల. ఓడినప్పుడు ఇంట్లో ఉతికిన గుడ్డ ఒకటి ఉండాల."

"వేరే గేటు నుంచి వెళ్లిపోతుందేమో అక్కా. ఓడినవాళ్లు అట్టానే పోతారు."

ఆవిడ కాగితం చుట్టని గట్టిగా పట్టుకోబోయి, నలుగుతుందని మళ్లీ వదులు చేసింది. "పోతే ఎట్టా పాపా? నలభై ఏండ్లు. ఒక్కటి కూడా మిగల్లేదే" అంది. అంతవరకూ నాకు ఇదంతా సరదాగానే ఉంది. అప్పట్నుంచి నేనూ గేటు మీంచి చూపు తిప్పలేదు.

ఇవోనా ఆ గేటు నుంచే వచ్చింది. కళ్లు ఎర్రగా, భుజం మీద పెద్ద కట్టు. కారు తలుపు తీసి పట్టుకుని డ్రైవరు నిలబడ్డాడు. జనం ఏమీ అడగలేక పుస్తకాలు, పెన్నులు కిందికి దించుకున్నారు. అప్పుడు లేచింది పెంచలక్క గొంతు.

"అమ్మాయ్! ఇవోనమ్మా! ఇదిగో నీ గుడ్డ!"

ఇవోనా ఆగింది. వెనక్కి తిరిగింది. తువ్వాలు చూసి నవ్వడానికి ప్రయత్నించి, జేబులోంచి నల్ల పెన్ను తీసి మా దగ్గరికి వచ్చింది. మూత తీసి తువ్వాలు మీదికి వంగింది.

"అయ్యో, రాయబాకమ్మా! ఇప్పుడే ఉతికినా!" అని పెంచలక్క చటుక్కున వెనక్కి లాక్కుంది. జనం గొల్లుమన్నారు. ఇవోనా బిత్తరపోయి నా వైపు చూసింది.

వచ్చీరాని ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. నిన్నటి తువ్వాలు అండీ ఇది, ఈవిడ బట్టలు ఉతుకుతుంది, మీరు ఉతకమని ఇచ్చారనుకుంది, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది, ఆ ఎర్ర కుట్లు మీ గుర్తు, మీ ఇంటి గుర్తు.

ఇవోనా పెన్నుకి మూత పెట్టింది. రెండు చేతులూ చాపింది. పెంచలక్క తువ్వాలు ఆ చేతుల్లో పెట్టింది. ఇవోనా దాన్ని మొహానికి ఆనించుకుని, అలాగే ఉండిపోయింది. కాసేపు. భుజాలు కదులుతున్నాయి. పెంచలక్క కంచె మీదుగా చెయ్యి చాపి, కట్టు లేని భుజం మీద తట్టి, "సరేలేమ్మా, సరేలే" అంది. పెద్ద పెద్ద కోర్టుల్లో ఆడిన మనిషి, మా కాలనీ పిల్లలా తల ఊపింది. నా ఒళ్లు జలదరించింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ అంతే.

తర్వాత ఇవోనా నన్ను అడిగింది: "నిన్న నేను ఆమె మీదికి మాసిన గుడ్డ విసిరాను కదా. ఆమెకి బాధ కలిగిందా?"

ఇన్నేళ్లు ఆడిన మనిషి అది నన్ను అడిగింది! "లేదండీ, చాలా సంతోషించింది" అన్నాను. అది నిజమే.

కథ ఇక్కడితో అయిపోతే నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఇవోనా బ్యాగు పక్కన ఆ రోజు మ్యాచ్‌లో వాడిన తువ్వాలు వేలాడుతోంది, తడిగా. పెంచలక్క కంటికి అది కనపడకుండా ఉంటుందా?

"అది కూడా మాసింది గదా. ఇమ్మను పాపా. ఉతికి తెచ్చిస్తాను."

నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. ఇవోనా తువ్వాలు చేతిలోకి తీసుకుని ఆగింది. మెల్లగా నాతో అంది: "ఈ రాత్రికే నా విమానం. భుజానికి ఆపరేషన్ ఉంది. నేను మళ్లీ ఆడతానో లేదో తెలియదు, ఇక్కడికి మళ్లీ రాకపోవచ్చు. ఇది ఇస్తే ఆమెకి సంతోషమా? నువ్వు చెప్పు. ఆమె నీకు తెలుసు."

ఒకవైపు ఇవోనా, ఒకవైపు పెంచలక్క. మధ్యలో రెండు భాషలూ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఇవ్వొద్దంటే పెంచలక్క చాపిన చెయ్యి ఖాళీగా వెనక్కి వస్తుంది. ఇమ్మంటే నలభై ఏళ్లలో తిరిగి ఇవ్వలేని మొదటి గుడ్డ ఆవిడ ఇంట్లోకి వస్తుంది.

"ఇవ్వండి" అన్నాను.

ఇవోనా విసరలేదు. రెండు చేతులతో అందించింది, తల కొంచెం వంచి. పెంచలక్క మొహం ఒక్కసారి చూసుంటే మీకూ తెలిసేది. "ఎప్పుడు తీసుకుంటాదో అడుగు" అంది.

"వచ్చే ఏడు వస్తుందంట అక్కా" అన్నాను.

కారు వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ తువ్వాలు పంచలో పై అరలో విడిగా ఉంది. మడత మీద పసుపు గీత పడకుండా నెలకొకసారి విప్పి, మళ్లీ ఇస్త్రీ చేసి, మడత మార్చి పెడుతుంది. కాలనీలో ఎవరడిగినా గర్వంగా చెబుతుంది, "అది ఇవోనమ్మ వాళ్లది. వస్తాది." రెండు నెలల కింద ఇవోనా ఆట మానేస్తున్నానని ప్రకటించింది. పెంచలక్క ఫోనులో ఆ వార్త ఇంకా రాలేదు, ఆవిడ వార్తలు చూడదు, మ్యాచ్‌లే చూస్తుంది. నేను చెప్పలేదు. పోస్టులో పంపుదామంటే "ఏ చెయ్యి తీసుకునిందో ఆ చెయ్యే" అంటుందని తెలుసు. ఈ ఏడు టోర్నమెంటు తేదీలు వచ్చేశాయి. నిన్న మా నాన్న యూనిఫాం తెచ్చుకోవడానికి వెళ్తే, "పాపా, మన టికెట్లు తీసినావా? ఈసారి టికెట్టు లేకపోయినా పరవాలే, గేటు కాడ నిలబడదాం" అంది.

నేను తలూపి వచ్చేశాను. ఆ రోజు గేటు దగ్గర నా చోట మీరుంటే, ఆ ఇద్దరికీ ఏమని చెప్పేవాళ్లు?